మాండలిన్ మీద పాత యూరప్ డాన్స్ ట్యూన్లు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా దగ్గర మామూలు ఎనిమిది తీగల మాండలిన్ ఉందండీ. 16, 17 శతాబ్దాల యూరప్ సంగీతకారులు సుసాటో, ప్రెటోరియస్ వాళ్ల డాన్స్ ట్యూన్లు నోట్స్ చూసి వాయిస్తున్నా, స్వరాలన్నీ కరెక్టే గానీ విన్నవాళ్లు పాత సినిమా పాటలా ఉందంటున్నారు. అసలు ఆ రోజుల్లో మాండలిన్ ఉండేదా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పొడుగు నోటు వచ్చిన ప్రతిసారీ ట్రెమెలో (అదే నోటుని గబగబా కిందకీ పైకీ మీటడం) కొడుతున్నారేమో, ముందు అది ఆపేయండి. ఒక్క దెబ్బ కొట్టి నోటుని దాని మానాన మోగనివ్వండి.

ఇప్పుడు మనం వాయించే ఈ నేపుల్స్ రకం మాండలిన్ 18వ శతాబ్దంలో వచ్చింది, కాబట్టి ఉండేది కాదు. అయినా ఏం పర్లేదు, సుసాటో 1551లో ఆంట్వెర్ప్‌లో తన డాన్సుల పుస్తకం అచ్చేసినప్పుడు ఇవి ఏ వాయిద్యం మీదైనా వాయించుకోవచ్చని మొదటి పేజీలోనే వేసుకున్నాడు, ఆయనకే లేని పట్టింపు మనకెందుకు చెప్పండి. పైగా అప్పట్లో సిట్టర్న్ అని లోహపు తీగలతో, ప్లెక్ట్రమ్‌తో (మీటడానికి వేళ్లతో పట్టుకునే చిన్న ముక్క) వాయించేది ఒకటి ఉండేది, మాండలిన్ గలగల దానికి దగ్గరే.

అసలు విషయం కాళ్లది. ఫ్రాన్స్‌లో ఆర్బో అనే పేరుతో ఒక చర్చి పెద్దాయన 1589లో డాన్స్ పుస్తకం వేశాడు, అందులో అడుగులతో సహా రాశాడు. పవాన్ అనే నెమ్మది డాన్స్‌కి డోలు దెబ్బ ఒక పొడుగు, రెండు పొట్టి, అదే పట్టుకుని పొడుగుకి కిందకి, పొట్టి రెంటికీ కిందకి పైకి కొట్టండి, జనం జంటలుగా మెల్లగా నడుస్తున్నట్టు ఉండాలి. గాలియార్డ్ అనే ఎగిరే డాన్స్ సరదాగా ఉంటుంది: ఆరు దెబ్బలకి ఐదే అడుగులు, నాలుగు దెబ్బలకి నాలుగుసార్లు కాలు విసిరి ఐదో దెబ్బకి ఎగిరి ఆరో దానికి దిగుతారు. మీరు తొందరపడి పరిగెడితే ఆ ఎగిరినవాడు గాల్లోనే ఉండిపోతాడు, అందుకే ఒకసారి లేచి మీరే ఎగిరి చూడండి, స్పీడ్ ఎంతుండాలో మోకాళ్లే చెప్తాయి. చాలాసార్లు పవాన్ ట్యూన్‌నే మార్చి గాలియార్డ్ చేసేవాళ్లు, చతురశ్రంలో (నాలుగు లెక్కలో) పాడిన దాన్ని తిశ్రంలో (మూడు లెక్కలో) పాడినట్టు అన్నమాట.

ఒక్కో భాగం రెండుసార్లు వస్తుంది కదా, మొదటిసారి ఉన్నదున్నట్టు వాయించి రెండోసారి మధ్యలో చిన్న చిన్న స్వరాలు నింపండి, రెండుసార్లూ ఒకేలా వాయిస్తే విసుగు.

ప్రశ్న: నాది ఐదు తీగల ఎలక్ట్రిక్, యు. శ్రీనివాస్ గారిలా కర్ణాటక సంగీతం కోసం కొన్నా. దీని మీద కుదురుతుందా? (హైదరాబాద్)

జవాబు: కుదురుతుందండీ, గమకాలు మాత్రం పక్కన పెట్టాలి, ఇక్కడ నోటు నిలకడగా ఉండాలి. తీగలు స-ప వరసలో శ్రుతి చేసుకుని ఉంటే మామూలు మాండలిన్ పుస్తకాల్లో ఇచ్చిన వేళ్ల స్థానాలు మీకు పనికిరావు, స్వరం చూసి మీరే వెతుక్కోవాలి. లాభమూ ఉంది, సుసాటో ‘లా మూరిస్క్’ లాంటి వాటికి కింది స-ప ఖాళీగా మోగిస్తూ ఉంటే భలే ఉంటుంది. ఆంప్ వాల్యూమ్ తగ్గించండి, భాగం అయిపోగానే అరచేత్తో తీగలు ఆపండి, లేకపోతే ఒకదాని మీద ఒకటి కలిసిపోతాయి.