కాలనీ పక్కన గూడ్స్ టెర్మినల్ వస్తాందంట, అడ్డుకుంటే ఆగుతుందా?

అనంతపురం నుంచి అడిగినారు కదా, ఇండ్లకు దగ్గర్లో గూడ్స్ టెర్మినల్ కడతారంట, జనమంతా ధర్నా అంటున్నారు, ఏమన్నా ఫలితం ఉంటుందా అని. నేను కడప జిల్లాలో ఒక గూడ్స్ షెడ్డు వెనక వీధిలో 11 ఏండ్లున్నా. ఫలితం ఉంటుంది అన్నా, కానీ మీవాళ్లు కోపమంతా రైలు మీద పెట్టుకున్నారు. రైలు శబ్దం పది రోజులకు చెవులకు అలవాటైపోతాది. మనల్ని చంపేది లారీ.

లెక్క మీరే వేసుకోండి. బస్తాల రేక్, అంటే మొత్తం గూడ్స్ బండి, ఒకటి వచ్చిందంటే 40 వ్యాగన్లు, ఒక్కో వ్యాగన్లో 60 టన్నుల పైన, అంతా కలిపి ఇంచుమించు 2,500 టన్నులు. అంటే 50 కేజీల సిమెంటు బస్తాలు 50 వేలు. లారీకి 20 టన్నులు ఎత్తినా 125 లారీలు, అవన్నీ ఖాళీగా వచ్చేది ఒకసారి, నిండుగా పోయేది ఒకసారి, మీ వీధి మొగదలోనే. ఇది ఒక్క రేక్‌కే.

ఒక ఏడు శివరాత్రికి ముందు మాయమ్మ సంవత్సరానికి సరిపడా మిరపకాయలు కొని మిద్దె మీద పోసింది. మాది కడప బండలు పరిచిన మిద్దె, బాగా ఎండతాయి. ఆ రోజు సాయంత్రం ఒళ్ళు బాగలేక గోతాం పట్టా కప్పకుండానే దిగొచ్చేసింది. రాత్రి 11కి సిమెంటు రేక్ పెట్టినారు. తెల్లారి నేను పైకి పోయి చూస్తే ఎర్రటి కాయలు ఒక్కటి లేదు, అంతా బూడిద రంగు. దుమ్ము మీద మంచు పడి, అది గట్టిపడి, కాయకు పొలుసు మాదిరి పట్టుకోనుంది, గోటితో గీకితే రేకులు రేకులుగా లేస్తాంది. కడుగుదామంటే ఎండుకాయ నీళ్లు తాగి బూజు పడతాది. మాయమ్మ తడిగుడ్డ తీసుకుని ఒక్కొక్క కాయ తుడుచుకుంటా మధ్యాహ్నం దాకా కూర్చునింది, కండ్లు మంటలు, ముక్కు కారుతాంది, చివరికి ఒక్కమాట కూడా అనకుండా అంతా ఎత్తి దిబ్బలో పోసింది.

నేను కోపంగా షెడ్డు కాడికి పోయినా. అక్కడుండే సూపర్‌వైజర్ మంచిగానే చెప్పినాడు, "సార్, ఇచ్చిన టైంలో ఖాళీ చేయకపోతే వ్యాగన్‌కింత, గంటకింత అని డెమరేజ్ జరిమానా పడతాది, రాత్రి పని ఆపితే ఆ డబ్బు ఎవరు కట్టాల" అని. రాత్రి పని ఎందుకు ఆగదో నాకు అప్పుడు అర్థమైంది. మా పక్కింటాయన ఆ షెడ్డులోనే హమాలీ, రాత్రంతా దగ్గుతా ఉంటాడు, అయినా మేము మూసేయమని సంతకాలు పెడతాంటే "షెడ్డు పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదన్నా" అన్నాడు. ఆయన్ని శత్రువు చేసుకుని ఏం సాధిస్తాం? యర్రగుంట్ల వైపు సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, ఇవన్నీ రైలెక్కకుండా మన జిల్లాలు బతకవు. రైలు వద్దు అంటే ఎవరూ వినరు, దుమ్ము వద్దు అంటే వినక తప్పదు.

ఇంకో సంగతి, వెంచర్లేసి ప్లాట్లమ్మే వాళ్ల మీద నాకు చెప్పలేనంత కోపముంది. "స్టేషన్ పక్కనే సార్, రేటు డబుల్ అయితాది" అని అమ్మినారు, పక్కన ఏ లైన్ ఖాళీగా ఉందో, దాన్ని దేనికి పెట్టుకున్నారో ఒక్కరన్నా చెప్పినారా? మా ధర్నా రోజు టెంటు కింద ఫోటో దిగి పోయినోళ్లు మళ్లా కనపడలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. కొత్తగా భూమి తీసుకుంటున్నారా, రైల్వే సొంత జాగాలోనే కడుతున్నారా, మొదట అది తేల్చుకోండి. రైల్వే చట్టం కింద భూసేకరణ నోటిఫికేషన్ వేస్తే సెక్షన్ 20డి కింద అభ్యంతరం రాసిచ్చేదానికి 30 రోజులే టైం, 2013 భూసేకరణ చట్టం కిందయితే 60 రోజులు. సొంత జాగా అయితే ఆ అవకాశమే రాదు, 2006 పర్యావరణ నోటిఫికేషన్ లిస్టులో రైలు లైన్లు లేవు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని కూడా ఎదురు చూడొద్దు. 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద లేఔట్ మ్యాప్ అడగండి. దాంట్లో మీరు చూడాల్సింది అప్రోచ్ రోడ్డు. అది కాలనీలోంచి కాకుండా అవతలి వైపు నుంచి పెట్టాలని, ప్లాట్‌ఫారం మీద నీళ్లు చల్లే ఏర్పాటు, మీ వైపు ఎత్తుగోడ, చెట్ల వరస కావాలని రాతపూర్వకంగా అడగండి. 2000 నాటి శబ్ద నియమాల్లో ఇండ్లుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబుల్సే పరిమితి, ఆ టైంలో హారన్ కొట్టేదానికి కూడా లేదు, అది కూడా అర్జీలో రాయండి.

మేము ఇదంతా కాంక్రీటు పోసినాక అడిగినాం. అప్రోచ్ రోడ్డు ఈ రోజుకీ మా వీధిలోంచే పోతాంది. మాయమ్మ మిరపకాయలు ఎండేసేదానికి మా చిన్నమ్మోళ్ల పల్లెకు పోతాది.