ఉన్నికి ఎంజైము పట్టించే ముందు

పాటూరు

అమ్మలూ,

నీ ప్రాజెక్టు కాగితాలు రెండుసార్లు చదివాను. ఐసోఆక్టేన్ అనే నూనెలాంటి ద్రావకంలో కాసిని నీళ్ళు, ఆ నీళ్ళను సన్నటి బిందువులుగా నిలిపే ఏఓటీ అనే సబ్బులాంటి సర్ఫాక్టెంట్ కలిపి, అందులో ప్రోటియేజ్ అనే ఎంజైముతో ఉన్ని గుడ్డ ముడుచుకుపోకుండా చేయడం మంచి పని.

మన ఊరి వాళ్ళకు నూలు తెలుసు, ఉన్ని తెలీదు. నెల్లూరు గొర్రెకు ఉండేదీ వెంట్రుకే గదా. నూలుకు గంజి తీసే ఎంజైము గంజి తిని ఊరుకుంటుంది, గుడ్డ జోలికి పోదు. ప్రోటియేజ్ తినేది ప్రోటీనును, ఉన్ని అంటేనే ప్రోటీను. ఇది తలకెక్కక, మిల్లులో చేరిన కొత్తలో ప్రోటియేజ్ కలిపిన 50 డిగ్రీల నీళ్ళ బాత్‌లో గుడ్డను వదిలేశాను. తీస్తే వెన్నలా ఉంది. ఆరాక వేలితో నొక్కితే చిరిగింది. ఉన్ని పోగు మీద ఉండి గుడ్డ ముడుచుకునేలా చేసే పైపొలుసును మాత్రమే తినాల్సిన ఎంజైము లోపలికి దూరిపోయింది. నీ పద్ధతిలో అది సన్నటి నీటి బిందువుల్లో ఉండిపోతుంది కాబట్టి పైపైనే పని చేయాలని మన ఆశ.

అందుకే నీళ్ళ లెక్కే ప్రాణం. లీటరుకు 0.1 మోల్ ఏఓటీ, మోల్‌ల లెక్కలో దానికి పది రెట్లు నీరు అంటే లీటరుకు 18 మి.లీ. మాత్రమే. 200 మి.లీ. బాత్‌లో 3.6 మి.లీ. పది గ్రాముల ఉన్ని గాలిలోంచే గ్రామున్నర దాకా తేమ పట్టుకుంటుంది. బాగా ఎండిన ముక్క వేశావా, నీ బిందువుల్లో నీళ్ళు అదే తాగేస్తుంది. వానాకాలం గాలికి తడిసిన ముక్క వేస్తే ఇంకో లెక్క. నెల్లూరులో చేస్తున్నావు గనక ప్రతి ముక్కనూ ఒకే తేమలో ఒక రోజంతా ఉంచి, అప్పుడే వెయ్యి.

ఐసోఆక్టేన్ పెట్రోలులా అంటుకుంటుంది. మంట దగ్గరికి రానివ్వకు, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యి.

గుడ్డ తీసేటప్పుడు తొందరపడకు. నేరుగా గోరువెచ్చని నీళ్ళలో ముంచితే బిందువులు విచ్చిపోయి, ఎంజైముకు లోపలికి దారి దొరుకుతుంది. ముందు శుభ్రమైన ఐసోఆక్టేన్‌తో జాడించు, హుడ్‌లో పూర్తిగా ఆరనివ్వు, తర్వాత 80 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే ఎంజైము చచ్చిపోతుంది.

ఎంజైము లేకుండా ఒక ముక్క, మామూలు నీళ్ళ బాత్‌లో ఒక ముక్క తప్పక చెయ్యి. ముందూ వెనకా 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వెయ్యి. చేతికి మెత్తగా ఉందని మురిసిపోకు, చింపే బలం కూడా కొలువు.

మొదటి మూడు ముక్కల తూకాలు, ఆ రోజు గాలిలో తేమ ఎంతో రాసి పంపు. నేను చూస్తాను.

పెదనాన్న