వెల్డ్ జాయింట్ ఇంకా ఎన్నేళ్లు వస్తుందో ఫార్ములాతో తేల్చవచ్చా?

"మా బాయిలర్ 1.6 లక్షల గంటలు నడిచింది. మెయిన్ స్టీమ్ లైన్ పి22 పైపే. దాని వెల్డ్ జాయింట్ల ఆయుష్షు లెక్కగట్టవచ్చా?" అని అడిగారు. పి22 అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఒక రకం స్టీల్. ఫార్ములా ఉంది. కాకపోతే అందులో వేసే టెంపరేచర్‌ని మీరెంత నమ్ముతారో ముందు చెప్పండి.

చాలామంది వాడేది లార్సన్-మిల్లర్ పారామీటర్. కెల్విన్‌లో టెంపరేచర్‌ని, 20కి గంటల లాగరిథమ్ (బేస్ 10) కలిపిన అంకెతో గుణిస్తారు. ఒకే స్ట్రెస్ దగ్గర ఆ విలువ మారదని అనుకుంటారు. చేసి చూడండి: 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 లక్షల గంటలు వచ్చే పైపు, 550 దగ్గర లక్ష గంటలు కూడా రాదు. 560 అయితే సుమారు 50 వేలు. పది డిగ్రీలకు ఆయుష్షు సగం! మీ లాగ్‌బుక్‌లో ఉన్న 540 నిజంగా 540 అని ఎవరైనా సంతకం పెడతారా?

రెండో చిక్కు వెల్డ్‌ది. లెక్కకు వాడే గ్రాఫులు సాధారణంగా పైపు లోహానివి. జాయింట్ దెబ్బతినేది తరచుగా వెల్డ్ పక్కనే, వేడి తగిలి గుణం మారిన ఆ కొద్ది మిల్లీమీటర్ల పట్టీలో. అంటే పైపు ఆయుష్షు లెక్కగట్టి దాన్ని జాయింట్‌కి అంటగడుతున్నామన్నమాట.

నేను చాన్నాళ్లు ఆర్‌ఎల్‌ఏ టీముల్లో, అంటే పాత బాయిలర్లకు మిగిలిన ఆయుష్షు అంచనా కట్టే పనిలో తిరిగాను. ఒక 210 మెగావాట్ల యూనిట్‌లో కాగితం మీద లెక్క హాయిగా ఉంది. షట్‌డౌన్‌లో ఒక జాయింట్ దగ్గర ఇన్సులేషన్ విప్పించి రెప్లికా తీశాం, అంటే లోహం ఉపరితలాన్ని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అచ్చు తీశాం. గ్రైండింగ్, ఎమరీ పేపర్లు, డైమండ్ పేస్ట్, ఆపైన నైటాల్ అనే యాసిడ్ ద్రావణంతో ఎచింగ్. అసిటోన్ రాసి మెత్తబడ్డ ఫిల్మ్‌ని బొటనవేలితో అద్ది, ఆరాక ఒలిచి మైక్రోస్కోప్ కింద పెట్టాను. వెల్డ్ అంచు వెంబడి నల్లటి చుక్కలు, అంటే వేడికి, ఒత్తిడికి ఏళ్ల తరబడి లోహంలో పడే సూక్ష్మ రంధ్రాలు, చీమల బారులా ఉన్నాయి. ఒకచోట రెండు మూడు కలిసి సన్నటి చీలిక కూడా అయింది. మొదట నా పాలిషింగే చెడిందనుకున్నాను. ఎచింగ్ ఎక్కువైతే లేని రంధ్రాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. మళ్లీ పాలిష్ చేసి ఇంకో రెప్లికా తీశాను. అవే చుక్కలు, అదే బారు.

కారణం పైన వేలాడుతోంది. పైపును పైనుంచి మోస్తూ కదలనిచ్చే స్ప్రింగ్ హ్యాంగర్ ఆ పక్కనే ఉంది. బిగించేటప్పుడు స్ప్రింగ్ కదలకుండా పెట్టి, తర్వాత తీసేయాల్సిన లాక్ పిన్ దానికి అలాగే ఉంది, దాని మీద పెయింట్ కూడా వేసేశారు! వేడెక్కిన పైపు కదలాల్సినంత కదల్లేక, ఆ బరువంతా జాయింట్ మోసింది. మా లెక్కలో ఉన్నది లోపలి ప్రెషర్ ఒక్కటే. జాయింట్ కోసి కొత్తగా వెల్డ్ చేయించారు.

అందుకే రిపోర్టులో "ఇంకా 12 ఏళ్లు" అని ఎవరైనా రాస్తే నాకు నవ్వొస్తుంది. చుక్కలు విడివిడిగా ఉన్నాయా, వరుస కట్టాయా, చీలిక మొదలైందా అన్నది చూసి, మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పగలం. ఆ మాటకు నేను పూచీ పడతాను. భారతీయ బాయిలర్ నిబంధనల్లో లక్ష గంటలు దాటాక ఇలాంటి పరీక్షలు పెట్టిందీ ఇందుకే.

మీది పి22 కాబట్టి రెప్లికా చాలావరకు నిజం చెబుతుంది. క్రోమియం ఎక్కువున్న పి91 స్టీల్ అయితే జాగ్రత్త. అందులో ఈ నష్టం గోడ మందంలో, లోపలే మొదలవుతుంది. పైన రెప్లికా శుభ్రంగా వచ్చినా లోపల చీలిక ఉండొచ్చు. అక్కడ అల్ట్రాసోనిక్, హార్డ్‌నెస్ రెండూ కావాలి. హార్డ్‌నెస్ 190 బ్రినెల్ కన్నా తగ్గితే హీట్ ట్రీట్‌మెంట్ రికార్డులు తీయించండి.

ఈసారి షట్‌డౌన్‌కు ముందు, యూనిట్ వేడిగా ఉండగానే స్ప్రింగ్ హ్యాంగర్ల రీడింగులు రాసుకోండి. చల్లారాక మళ్లీ రాయండి. కదలాల్సిన చోట రెండు రీడింగులూ ఒకటే ఉంటే, ఇన్సులేషన్ విప్పడం ఆ పక్క జాయింట్ నుంచే మొదలుపెట్టండి.