మొనేరో పబ్లిక్ నోడ్ పెడదామనుకునే ముందు

ఇంట్లో ఒక కంప్యూటర్ ఖాళీగా ఉంది, దాంతో మొనేరో అనే క్రిప్టోకరెన్సీకి నోడ్ (లావాదేవీల రికార్డంతా దాచుకుని, వాలెట్ యాప్‌లకు అందించే కంప్యూటర్) నడిపి ఎవరైనా వాడుకునేలా వదిలేయొచ్చా, ఏమైనా ఇబ్బందులు వస్తాయా అని అడిగారు. తప్పకుండా పెట్టండి. నేను కొన్నేళ్లుగా ఒకటి నడుపుతున్నాను. ఆదాయం మాత్రం ఆశించకండి. రెండు నిమిషాలకోసారి పుట్టే బ్లాక్ (లావాదేవీల కట్ట) బహుమతి మైనింగ్ చేసినవాళ్లకే, అంటే కంప్యూటర్ శక్తి పెట్టి ఆ బ్లాకులు తయారుచేసేవాళ్లకే వెళ్తుంది, నోడ్‌కు రూపాయి కూడా రాదు.

ముందు డిస్క్ సంగతి. నేను మామూలు హార్డ్ డిస్క్‌తో మొదలుపెట్టి, రోజుల తరబడి సింక్ అవుతూనే (పాత రికార్డంతా దించుకుంటూనే) ఉంటే విసిగిపోయి ఎస్ఎస్‌డీ కొన్నాను. మొత్తం చైన్, అంటే ఆ బ్లాకులన్నీ కలిపి, 200 జీబీ దాటింది. అంత జాగా లేకపోతే ప్రూనింగ్ (డేటాలో కొంత భాగం దాచకుండా వదిలేయడం) ఆన్ చేయండి, సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. ప్రూన్ చేసిన నోడ్‌తో కూడా వాలెట్లు చక్కగా పనిచేస్తాయి.

అసలు జాగ్రత్త పోర్టుల దగ్గర కావాలి. కొత్తలో నేను 18081 పోర్టును (నోడ్‌కు ఆదేశాలు అందే దారి) అలాగే బయటికి తెరిచేశాను. బయటికి తెరిచేముందు మొనేరోడీ (నోడ్ నడిపే ప్రోగ్రామ్) ప్రత్యేకంగా ఒప్పుకోలు అడుగుతుంది, నేను చదవకుండా ఆ ఆప్షన్ కూడా ఇచ్చేశాను. ఒక రాత్రి కంప్యూటర్ ఫ్యాన్ మోతకు మెలకువ వచ్చింది. చూస్తే సీపీయూ కోర్లన్నీ నిండిపోయి ఉన్నాయి. మైనింగ్ స్టేటస్ కమాండ్ కొడితే మైనింగ్ నడుస్తోందని, పక్కనే 4తో మొదలయ్యే ఒక మొనేరో అడ్రస్ కనిపించింది. అది నాది కాదు. ఎవరో బయటి నుంచి నా నోడ్‌కు మైనింగ్ మొదలుపెట్టమని ఆదేశం పంపారు, అది బుద్ధిగా పాటించింది. అదే దారిన నోడ్‌ను ఆపేయనూ వచ్చు. అందుకే 18081ని 127.0.0.1కే (అంటే ఆ కంప్యూటర్‌కే) పరిమితం చేసి, జనానికి ఇలాంటి ఆదేశాలు ఒప్పుకోని రిస్ట్రిక్టెడ్ ఆర్‌పీసీ మాత్రమే ఇవ్వండి. దానికి అందరూ వాడే పోర్టు 18089. మిగతా నోడ్లతో మాట్లాడుకోవడానికి 18080 తెరిచి ఉంచాలి. మీ సొంత వాలెట్ మాత్రం ఆ కంప్యూటర్‌లో పెట్టకండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. మన నోడ్‌కు వచ్చినవాళ్ల డబ్బు మనకు కనిపించదు. వాలెట్ మన దగ్గర బ్లాకులు తీసుకుని, వాటిలో తన లావాదేవీలేవో తన ఫోన్‌లోనే వ్యూ కీతో (తన లావాదేవీలను గుర్తుపట్టే రహస్య కీ) వెతుక్కుంటుంది. బ్యాలెన్స్, కీలు మన దాకా రావు. కానీ వాళ్ల ఐపీ అడ్రస్ వస్తుంది. ఎప్పుడు వచ్చారు, ఏ బ్లాక్ నుంచి అడిగారు, ఏ క్షణంలో లావాదేవీ పంపారు అన్నవీ తెలుస్తాయి. 2020లో వచ్చిన డాండెలియన్ ప్లస్ ప్లస్ అనే పద్ధతి లావాదేవీ ఎక్కడ పుట్టిందో మిగతా నోడ్లకు తెలియకుండా చూస్తుంది గానీ, నేరుగా మన తలుపే తట్టినవాళ్లను మన నుంచి దాచలేదు. ఇంత నమ్మకం పెట్టుకుని వస్తున్నారని మొదట్లో నాకు తట్టలేదు. హెచ్‌టీటీపీఎస్ కోసం నోడ్ ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టుకున్నాను. కొన్ని నెలల తర్వాత డిస్క్ నిండుతోందేమిటని చూస్తే, దాని యాక్సెస్ లాగ్‌లో వచ్చినవాళ్లందరి ఐపీలు టైముతో సహా వరసగా పడి ఉన్నాయి. మనసు చివుక్కుమంది. ఆ ఫైళ్లన్నీ చెరిపేసి, లాగింగ్ ఆపేశాను. మీరు ఈ పని మొదటి రోజే చేయండి.

నోడ్ నిలకడగా నడుస్తోందని తేలాకే పబ్లిక్ నోడ్ ఆప్షన్ పెట్టండి. ఆ ఆప్షన్ మీ ఆర్‌పీసీ పోర్టును ఇతర నోడ్లకు చాటుతుంది. అద్దె సర్వర్ అయితే అలాంటి నోడ్లకు అనుమతి ఉందో లేదో నిబంధనల్లో ముందే చూసుకోండి. నాకు ఒక కంపెనీ రెండు రోజుల గడువిచ్చి ఖాళీ చేయించింది, ఆ రెండు రోజులూ ఒకటే టెన్షన్.

వీలైతే టార్ (వాడేవాళ్ల ఐపీని దాచే నెట్‌వర్క్) మీద ఒక ఆనియన్ అడ్రస్ (టార్‌లోనే తెరుచుకునే అడ్రస్) కూడా ఇవ్వండి. టార్ సెట్టింగుల ఫైల్‌లో రెండు లైన్ల పని. ఆ దారిన వచ్చినవాళ్లంతా మన నోడ్‌కు 127.0.0.1 గానే కనిపిస్తారు, కావాలన్నా వాళ్లెవరో మనకు తెలియదు. నాది మొదటిసారి అలా పనిచేసిన రోజు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.