టైరు ఒక పక్కే అరిగితే కొత్తది కొనకు, ముందు కారణం కనుక్కో

తమ్ముడూ, షాపువాడు నాలుగు టైర్లూ మార్చెయ్యమన్నాడని వెంటనే కార్డు తీసి ఇచ్చెయ్యకు. ముందు రెండు టైర్లకి లోపలి అంచు నున్నబడిపోయింది, బయటి వైపు బాగానే ఉంది అని రాశావు కదా, అలా అరిగిందంటే ఎక్కువగా చక్రం నిలబడిన తీరులోనే తేడా ఉంటుంది. నడకలో తేడా ఉన్నవాడి చెప్పు ఒక పక్కే అరిగినట్టు. ఆ తేడా సరిచేయించకుండా కొత్తవి వేస్తే అవీ అదే పక్క అరుగుతాయి, డబ్బు రెండుసార్లు పోతుంది.

నేను విదేశానికి వచ్చిన కొత్తలో ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, పక్కన నిలబడి చూస్తే టైర్లు నిగనిగలాడుతున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. లోపలి అంచు అలా నిలబడితే కనపడదు. స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పి, బండి ఆపేసి, వంగి టార్చి వేసి చూడాలి. నేను చూసేసరికి రబ్బరంతా పోయి లోపలి తీగలు బయటపడ్డాయి. భయపడి ముందు రెండూ మార్పించాను. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణాలు సరిచేయడం, అది కూడా చేయమంటారా అని వాళ్లు అడిగితే, అదనంగా గుంజుతున్నారనుకుని వద్దన్నాను. మళ్లీ చలికాలం రాకముందే ఆ కొత్త జత కూడా అదే అంచున అరిగి కూర్చుంది. అలైన్‌మెంట్‌కి అయ్యేది రెండు టైర్ల ధరలో చిన్న ముక్క. అది మిగుల్చుకుందామని చూస్తే మొత్తం జత పోయింది, ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

గాలి సంగతీ అంతే. టైరు పక్కన అచ్చు వేసి ఉండే పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. కొత్తవాళ్లు అది చూసి గాలి కొట్టేస్తారు, నేనూ అదే చేశాను, నడిమధ్య భాగం అరిగిపోయింది. నీ కారుకి ఎంత కావాలో డ్రైవర్ డోర్ తెరిస్తే ఫ్రేము మీద స్టిక్కర్‌లో ఉంటుంది. గాలి తక్కువైతే దీనికి తలకిందులుగా రెండు అంచులూ అరుగుతాయి, మధ్యలో గీతలు నిలిచే ఉంటాయి. పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల సెల్సియస్ పడిపోతే దాదాపు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, కాబట్టి చలి మొదలయ్యే రోజుల్లో నెలకోసారి తప్పదు. గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుందిలే అని ఊరుకోకు. చాలా కార్లలో 20, 25 శాతం గాలి పోయాకే అది వెలుగుతుంది, ఆలోపు అరగాల్సింది అరిగిపోతుంది. సొంతంగా గాలి కొలిచే గేజ్ ఒకటి కొని కారులో పడేసుకో, ఇది మాత్రం నిజంగా ఖర్చు పెట్టాల్సిన వస్తువు.

ఇంకో పరీక్ష, పైసా ఖర్చు లేదు. తీగలేవీ బయటపడలేదని చూసుకుని, అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి రాయి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపంలా గరుగ్గా తగిలితే చక్రాలు నేరుగా ముందుకి చూడడం లేదు, అంటే అలైన్‌మెంటే. చుట్టూ అక్కడక్కడా గుంటలు పడి, స్పీడులో గుయ్‌మని మోత వస్తుంటే షాక్ అబ్జార్బర్లు అరిగిపోయి ఉండొచ్చు, లేదా బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం, జరగలేదు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఒకటే అనుకుని ఒకటి చేయించి రెండూ అయిపోయాయనుకునేవాళ్లని ఇక్కడ చాలామందిని చూశాను. నువ్వు ఆ పని చెయ్యకు.

అలైన్‌మెంట్‌కి వెళ్లినప్పుడు ముందుగా చక్రాన్ని పట్టి ఉంచే భాగాలు, అంటే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, బుష్‌లు వదులుగా ఉన్నాయేమో చూడమను, వదులుగా ఉన్నవాటి మీద ఎంత సరిచేసినా నిలవదు. పని ముందు అంకెలు, పని తర్వాత అంకెలు ఉన్న ప్రింటు అడిగి తీసుకో. మొహమాటపడకు, డబ్బు కట్టేది నువ్వు. పెద్ద గోతిలో పడినా, పేవ్‌మెంట్ గట్టుకి చక్రం గట్టిగా కొట్టుకున్నా మళ్లీ చూపించుకో.

8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో లాగేది, తిరిగేది, బ్రేకు భారం ఎక్కువగా మోసేది ముందువే కాబట్టి అవి తొందరగా పోతాయి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తుంటే అదే పక్కన ముందూ వెనకా మాత్రమే మార్చాలి. నేను ఇలా చూసుకోవడం మొదలుపెట్టాక నా టైర్లు చివరిదాకా సమంగా అరుగుతున్నాయి.

రూల్స్ సంగతికొస్తే చాలా దేశాల్లో గీతల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, మీ దగ్గర ఎంతో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో చూసుకో. గీతల మధ్య అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, రబ్బరు వాటి మట్టానికి దిగిందంటే, ఒక అంచునే దిగినా సరే, మార్చేయాల్సిందే. తీగ కనపడితే ఆ టైరు మీద ఇంక నడపకు, అక్కడ పొదుపు చూసుకోకు.

నాలుగూ మార్చాలా అన్నావు. వెనక రెండూ బాగుంటే రెండే చాలు, కాకపోతే కొత్త జతని వెనక వేయించి, వెనకవాటిని ముందుకి తెప్పించు, తడి రోడ్డు మీద వెనక జారితే బండి చేతికి రాదు. ఇంజన్ నాలుగు చక్రాలనీ తిప్పే ఆల్ వీల్ డ్రైవ్ అయితే మాత్రం నాలుగింటి అరుగుదలా దగ్గర దగ్గరగా ఉండాలి, లేకపోతే చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది, ఆ రిపేరుతో పోలిస్తే టైర్ల ఖర్చు ఏపాటిది. డబ్బు కట్టేముందు కారు మాన్యువల్‌లో టైర్ల పేజీ ఒకసారి చదువుకో.