ఒక్కో మాత్ర ఎందుకో అడిగాకే మా మందుల ఖర్చు తగ్గింది

చిన్న ఇబ్బందితో వెళ్లినా మా డాక్టర్ ఐదారు మందులు రాస్తారు, నెలనెలా కొనలేకపోతున్నాం, తక్కువ ధర బ్రాండ్లకి మారితే సరిపోతుందా అని ఒకరు అడిగారు. కొంత తగ్గుతుంది. కానీ మా ఇంట్లో అసలు ఖర్చు బ్రాండ్లలో లేదు.

నాన్న బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు వేసుకునేవారు. దాన్ని 10కి పెంచాక పాదాలు వాచాయి. ఒంట్లో నీరు చేరిందని ఫ్యూరోసెమైడ్ అనే నీరు తీసే మాత్ర రాశారు. వాపు పెద్దగా తగ్గలేదు కానీ ఆ మాత్రతో యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బింది. దానికి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్, ఒక నొప్పి మాత్ర. నొప్పి మాత్రతో కడుపులో మంట రాకుండా పాంటోప్రజోల్. ఒక్క మాత్ర కాస్తా ఐదయ్యాయి! పైగా నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. ఇందులో మోసమేమీ లేదు. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు చెప్పిన బాధకి ఒక మందు పడింది, పాతవి అలాగే ఉండిపోయాయి.

నేనేమో అన్నాళ్లూ చవక బ్రాండ్ల కోసం తిరిగాను. చివరికి వేరే డాక్టర్ దగ్గరికి మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాం. ఆయన అడిగింది ఒకటే: "వాపు డోసు పెంచాక వచ్చిందా?" ఆమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు, సన్నని రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరడం వల్ల వస్తుంది, అందుకే నీరు తీసే మాత్ర పెద్దగా పని చేయదన్నారు. డోసు మళ్లీ 5కి దించి టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మందు జత చేశారు. వాపు తగ్గింది. ఆ తర్వాత పరీక్షలు చూసుకుంటూ మిగతావి ఒక్కొక్కటే ఆపారు. ఇప్పుడు రెండే మాత్రలు.

కాబట్టి ముందు ఒక కాగితం మీద ప్రతి మందు రాసుకోండి: బ్రాండ్ పేరు కాకుండా లోపలి మందు పేరు, దేనికోసం, ఎప్పటి నుంచి. ఒకే మందు రెండు పేర్లతో ఉందేమో అక్కడే బయటపడుతుంది. చాలా జలుబు మాత్రల్లో పారాసిటమాల్ ఉంటుంది, జ్వరానికి మళ్లీ అదే రాస్తారు. పెద్దవాళ్లకి కూడా రోజుకి 4 గ్రాములు దాటకూడదు. మామూలు జలుబుకి యాంటీబయాటిక్ రాస్తే ఎందుకో తప్పకుండా అడగండి, వైరస్ మీద అది పని చేయదు.

జెనరిక్ మందులకి భయపడనక్కర్లేదు. థైరాయిడ్, ఫిట్స్, రక్తాన్ని పల్చబరిచే వార్ఫరిన్ లాంటి వాటిలో మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా కంపెనీ మార్చొద్దు. ఏదీ సొంతంగా ఆపొద్దు కూడా. గ్యాస్ మాత్రనే చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే మంట ఎగదన్నుతుంది, మాకు అదీ అయింది!

ఇక డాక్టర్‌ని అడగడమెలా అనే టెన్షన్. "ఇది అవసరమా?" అంటే కొందరికి కోపం వస్తుంది. నేను "ఇది ఎన్నాళ్లు వాడాలండీ?" అని అడుగుతాను. ఒకసారి ఆ మాటకే డాక్టర్ చీటీ మళ్లీ చూసి, ఒకటి కొట్టేసి ఇచ్చారు.