రోజ్‌మేరీస్ బేబీ: దయ్యం కనబడకపోయినా భయం ఎందుకు?

"రక్తం లేదు, దయ్యమూ సరిగ్గా కనబడదు, దీన్ని హారర్ అని ఎలా అంటారు?" అని 'రోజ్‌మేరీస్ బేబీ' (1968) గురించి అడిగారు. సైతాను పూజ మీద వచ్చిన పాత సినిమాల్లో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే.

అదే ఏడాది ఇంగ్లండ్‌లో హారర్ సినిమాలకు పేరుపడ్డ హామర్ కంపెనీ వాళ్లు 'ది డెవిల్ రైడ్స్ అవుట్' తీశారు. అడవిలో అర్ధరాత్రి జాతర, మేక తల సైతాను, నేల మీద రక్షణ వలయం, అందులో మంచివాడిగా, డ్రాక్యులా వేషాలకు పేరుపడ్డ క్రిస్టఫర్ లీ! సరదాగా చూసేయొచ్చు. కానీ నాకు వణుకు పుట్టించింది మేక తల కాదు. సైతాను భక్తుల నాయకుడు మొకాటా పగటిపూట మర్యాదగా ఇంటికొచ్చి, కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలిని మాటలతోనే లొంగదీసుకునే సీను.

పొలాన్‌స్కీ తీసిన 'రోజ్‌మేరీస్ బేబీ' మొత్తం ఆ సీనే అనుకోండి. సైతానును కొలిచేవాళ్లు పక్క ఫ్లాట్‌లోని ముసలి దంపతులు. రోజ్‌మేరీ మొగుడు నటుడు, పోటీవాడికి ఉన్నట్టుండి చూపు పోయి వేషం ఇతనికొస్తుంది. బదులుగా ఏమిచ్చాడో రోజ్‌మేరీకి చెప్పడు. ఆమె కడుపుతో ఉంటే, కొత్త డాక్టరు మాత్రలొద్దు, పుస్తకాలు చదవొద్దు, స్నేహితుల మాట వినొద్దు, పక్క ఫ్లాట్ ముసలావిడ మిన్నీ ఇచ్చే ఆకుల రసం తాగమంటాడు.

నేనిది కడుపుతో ఉన్నప్పుడు చూశాను. తెలివితక్కువ పనే. మా ఎదురింటి ఆంటీ అప్పట్లో రోజూ గ్లాసుతో కషాయం తెచ్చేది, "ఆ బిళ్లలు వేడిచేస్తాయమ్మా, ఇది తాగు" అని. పాపం, బంగారంలాంటి మనిషి. అయినా సినిమా చూశాక బెల్ మోగితే లేవబుద్ధయ్యేది కాదు. మన దగ్గర కడుపుతో ఉన్న పిల్లకి సలహా చెప్పనివాళ్లెవరు? రోజ్‌మేరీ నోరు మూయించింది కూడా ఆ ప్రేమే.

చివర్లో ఆమె చేతిలోంచి కత్తి జారి చెక్కనేలలో గుచ్చుకుంటుంది. మిన్నీ దాన్ని లాగేసి, నేల మీద పడిన గాటును వేలితో రుద్ది చూసుకుంటుంది! మిన్నీగా వేసిన రూత్ గోర్డన్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

ఇది నచ్చితే 'ది సెవెన్త్ విక్టిమ్' (1943) చూడండి, గంటా పది నిమిషాలే. న్యూయార్క్‌లో పెద్దమనుషుల్లాంటి సైతాను భక్తులు. హింస చేయకూడదని వాళ్ల నియమం. అందుకని గుట్టు బయటపెట్టిన అమ్మాయి ముందు విషం గ్లాసు పెట్టి, తాగమని గంటల తరబడి బతిమాలతారు. రోజ్‌మేరీని మాత్రం ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, పడగ్గది గోడ అవతలి మంత్రాలు టీవీ స్పీకర్‌లో సరిగ్గా వినబడవు.